తిరగొట్టిన స్వీడన్ రాగి నాణెం (1719–20): తరచుగా అడిగే ప్రశ్నలు

స్టాక్‌హోమ్‌లోనో గోథెన్‌బర్గ్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్న మనవాళ్ళు పాత సామాన్ల సంతలో ఒక నల్లటి రాగి నాణెం కొంటారు. ఇంటికొచ్చి ఫోటో తీసి పంపుతారు: "అన్నా, మూడు కిరీటాలున్నాయి, వాటి మధ్యలోంచి ఎవరిదో కాలు వస్తోంది. ఇది డ్యామేజ్ పీసా?" ఈ నాలుగేళ్ళలో ఈ ప్రశ్న నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. దాని వెనకే మరో ఇరవై సందేహాలు వస్తాయి. అందుకే అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు.

## నాణెం చేతికొచ్చిన రోజు

రెండు బొమ్మలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి ఉన్నాయి. పాడైపోయిన నాణెమా?

పాడైపోలేదు. పాత నాణేన్ని కరిగించకుండా, అలాగే అచ్చుల మధ్య పెట్టి కొత్త బొమ్మ కొట్టారు. కొత్త బొమ్మ గట్టిగా పడిన చోట పాతది చదునైపోయింది, సరిగ్గా పడని చోట పాతది మిగిలిపోయింది. మీరు చూస్తున్న కాలో, అక్షరమో ఆ మిగిలిన భాగం. స్వీడన్ రాగి నాణెం మీద 1719 లేదా 1720 అని ఉండి ఇలా కనిపిస్తే, దాని కింద దాదాపుగా పన్నెండో కార్ల్ రాజు కాలపు యుద్ధనాణెం ఉంటుంది.

ఓవర్‌స్ట్రక్, డబుల్ స్ట్రైక్ రెండూ ఒకటేనా?

కాదు. డబుల్ స్ట్రైక్ అంటే టంకశాలలో ఒకే అచ్చు రెండుసార్లు పడటం. నాణెం కాస్త జరిగినప్పుడు అదే బొమ్మ, అవే అక్షరాలు నీడలాగా పక్కన ఇంకోసారి పడతాయి. అది పొరపాటు. ఓవర్‌స్ట్రక్ అంటే వేరే నాణెం మీద వేరే బొమ్మను కావాలని కొట్టడం.

మనకి ఇది కొత్త విషయం కాదు. గౌతమీపుత్ర శాతకర్ణి శకరాజు నహపానుణ్ణి ఓడించాక నహపానుడి వెండి నాణేల మీద తన గుర్తులు కొట్టించాడు. నాసిక్ దగ్గర జోగల్‌తెంబిలో దొరికిన కుప్పలో అలాంటివి వేలల్లో ఉన్నాయి. శాతవాహన నాణెం మీద ఉజ్జయిని గుర్తు కింద నహపానుడి ముక్కు వెతికినవాళ్ళకి స్వీడన్ నాణెం కింద రోమన్ల యుద్ధదేవుడు మార్స్ కాలు వెతకడం కష్టమేమీ కాదు.

అమ్మినాయన "యుద్ధకాలం నాణెం" అన్నాడు. ఏ యుద్ధం?

ముందు ఒక అయస్కాంతం దగ్గర పెట్టండి. అతుక్కుంటే అది ఇనుము. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ రాగి కొరత వల్ల స్వీడన్ 1917–19లో, మళ్ళీ 1942–50లో చిన్న నాణేలు ఇనుముతో చేసింది. అవి తిరగొట్టినవి కావు.

అయస్కాంతానికి అంటకుండా, రాగి రంగులో గుండ్రంగా ఉండి, పైన 1719 లేదా 1720 ఉంటే అది ఉత్తర మహాయుద్ధం నాటిది. 1700లో మొదలై 1721లో నిస్టాడ్ సంధితో ముగిసిన ఆ యుద్ధంలో స్వీడన్ ఒకవైపు, రష్యా, డెన్మార్క్, పోలండ్ రాజు మరోవైపు. నాణెం చతురస్రంగా ఉంటే ఇంకా పాతది కావచ్చు. స్వీడన్ రాగి నాణేలు 1624లో గుస్తావ్ అడాల్ఫ్ కాలంలో నలుచదరపు ముక్కలుగానే మొదలయ్యాయి.

చింతపండుతో తోమితే కింది బొమ్మ తేలుతుందా?

దయచేసి వద్దు. చింతపండు, నిమ్మచెక్క, ముగ్గు, ఇత్తడి సామాన్ల పొడి, టూత్‌పేస్టు ఏదీ వద్దు. పూజ చెంబుకి అవి మంచివే. మూడొందల ఏళ్ళలో రాగి మీద కట్టిన ముదురు గోధుమరంగు పొరే కింది బొమ్మని చూపిస్తుంది. వెలుగు పడినప్పుడు ఆ పొర వల్లే గీతలకి నీడ వస్తుంది. పులుపు తగిలితే పొర పోయి నాణెం కొత్త పైసాలాగా గులాబీ రంగులో మెరుస్తుంది, సన్నని గీతలన్నీ ఆ మెరుపులో కలిసిపోతాయి.

నేను కొన్న మొదటి నాణేన్ని నిమ్మకాయతో రుద్దాను. రుద్దకముందు అంచున మూడు అక్షరాలు చదవగలిగాను, రుద్దాక ఒక్కటీ కనపడలేదు. అది ఇప్పటికీ బాధగానే ఉంది. మట్టి ఉంటే డిస్టిల్డ్ వాటర్‌లో ఒకరోజు నానబెట్టి, మెత్తటి గుడ్డతో అద్ది ఆరబెట్టండి, చాలు. పచ్చగా పొడిపొడిగా రాలే చిలుము ఉంటేనే తెలిసినవాళ్ళకి చూపించాలి.

బరువు, సైజు ఎంత ఉండాలి?

బంగారం తూచే చిన్న డిజిటల్ కాటా మీద పెట్టండి. నాలుగు గ్రాములకి అటూఇటూగా వస్తుంది, వెడల్పు సుమారు రెండున్నర సెంటీమీటర్లు. ఒకదానికీ ఇంకొకదానికీ తేడా బాగానే ఉంటుంది. యుద్ధం మధ్యలో కోట్ల సంఖ్యలో కొట్టినవి కాబట్టి తూకం విషయంలో పెద్ద పట్టింపు లేదు. అర గ్రాము తేడా వచ్చిందని టెన్షన్ పడకండి. బరువు రెట్టింపు వస్తే మాత్రం అది వేరే నాణెం.

## పై బొమ్మ చదవడం

పైన అంకె పక్కన కె, ఎమ్ అక్షరాలున్నాయి. అవేంటి?

"ఒక ఎరె, కొప్పార్‌మింట్" అని దాని అర్థం. ఎరె అంటే స్వీడన్ చిల్లర డబ్బు. కొప్పార్‌మింట్ అంటే రాగి లెక్క. అప్పట్లో స్వీడన్‌లో ఒకే పేరుతో రెండు లెక్కలు నడిచేవి. ఎస్.ఎమ్. అంటే సిల్వర్‌మింట్, వెండి లెక్క. వెండి లెక్కలో ఒక ఎరె, రాగి లెక్కలో మూడు ఎరెలకి సమానం. రెండు లెక్కల్లోనూ ఒక డాలెర్‌కి 32 ఎరెలు.

ఈ రెండు అక్షరాల జతలు గుర్తుపెట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. పై బొమ్మ కె.ఎమ్., కింది బొమ్మ ఎస్.ఎమ్. ఒకే నాణెం మీద రెండూ కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

1720 అని ఉంది. రాణిదా, రాజుదా?

ఏడాది ఒక్కటే చూసి చెప్పలేం. 1719 అయితే ఉల్రికా ఎలియొనోరా రాణిదే. పన్నెండో కార్ల్‌కి పిల్లలు లేరు, ఆయన చెల్లెలు సింహాసనం ఎక్కింది. 1720 వసంతంలో ఆమె తప్పుకుని భర్త ఫ్రెడ్రిక్‌కి కిరీటం ఇచ్చింది. కాబట్టి ఆ ఏడాది నాణెం ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. పాలకుల పేరు అక్షరాలు చదవగలిగితేనే పేరు రాసుకోండి. అవి పోయి ఉంటే "1720" అని మాత్రం రాయండి.

## కింది బొమ్మ పట్టుకోవడం

కింద ఏముందో ఎలా చూడాలి? ఫోటోలో ఏమీ తెలియట్లేదు.

ఫోటోలో తెలియకపోవడానికి కారణం ఫ్లాష్. పైనుంచి తిన్నగా వెలుగు పడితే అంతా చదునుగా కనిపిస్తుంది. గదిలో లైట్లు ఆపేసి, ఒక చిన్న టార్చి నాణెం పక్కన, బల్లకి దాదాపు ఆనించి పెట్టండి. వెలుగు నాణెం మీదుగా పాకుతూ వెళ్ళాలి, పొద్దున్నే ఎండ పొలం గట్ల మీద పడినట్టు. అప్పుడు చిన్న ఎత్తుకి కూడా పొడవాటి నీడ వస్తుంది.

ఇప్పుడు టార్చి కదపకుండా నాణేన్ని కొద్దికొద్దిగా తిప్పండి. పూర్తి చుట్టు తిరిగేలోపు పన్నెండు చోట్ల ఆపి, పన్నెండు ఫోటోలు తీయండి. ఒక్కో కోణంలో ఒక్కో గీత లేస్తుంది. తరువాత పై బొమ్మ గీతలన్నీ పెన్నుతో కాగితం మీద గీసుకోండి. ఆ గీతల్లో దేనికీ చెందని వంపు ఏదైనా మిగిలితే అది కింది బొమ్మది. కింది బొమ్మ నిటారుగా ఉండాల్సిన పని లేదని మర్చిపోవద్దు. అచ్చు కింద పెట్టిన మనిషి పాత నాణెం ఏ వైపు తిరిగి ఉందో చూడలేదు. తలకిందులుగానూ ఉండవచ్చు, బొమ్మ మీద బొరుసూ పడి ఉండవచ్చు.

నా దగ్గరున్న ఒక నాణేన్ని ఉదాహరణగా చెబుతాను. మామూలుగా చూస్తే మూడు కిరీటాలు, వాటి పక్కన ఏదో గీరుకుపోయినట్టు. టార్చి ఎడమవైపు పెట్టి నాణేన్ని దాదాపు తలకిందులు చేస్తే, కిందనున్న రెండు కిరీటాల మధ్య ఖాళీలో మోకాలి నుంచి పాదం వరకు ఒక కాలు, పాదం కింద నేల గీత కనిపించాయి. ఆ పక్కనే జూలు ఉన్న జంతువు తల, గోరంత. సింహం. ఆ ఒక్క తల దొరికాక నాణెం పేరు (ఫ్లింక్ ఓక్ ఫార్దిగ్, తరువాతి జవాబులో ఉంది) రావడానికి రెండు నిమిషాలు పట్టలేదు. ఆరు నెలలు డబ్బాలో పడి ఉన్న నాణెం అది.

కింద ఏయే బొమ్మలు ఉండే అవకాశం ఉంది?

పది. అన్నీ "1 డాలెర్ ఎస్.ఎమ్." విలువతో రాగిలో కొట్టినవి.

మొదటిది 1715 నాటిది, దేవుడూ మనిషీ లేని ఒకే పెద్ద కిరీటం. 1716 నాటిది కూర్చున్న స్త్రీ, చుట్టూ "పబ్లికా ఫీదే" అనే లాటిన్ మాట, ప్రజల నమ్మకం మీద అని అర్థం. 1717 నాటిది ఆయుధంతో ఉన్న రూపం, "వెట్ ఓక్ వాపెన్", అంటే తెలివీ ఆయుధమూ. 1718లో ఒక్క ఏడాదిలోనే ఆరు వచ్చాయి: కత్తి, డాలు పట్టిన యోధుడు, పక్కన సింహం ఉన్న "ఫ్లింక్ ఓక్ ఫార్దిగ్" (చురుగ్గా, సిద్ధంగా), తరువాత రోమన్ దేవుళ్ళు యూపిటర్, సాటర్నుస్, ఫీబస్, మార్స్, మెర్కురియస్. చివరిది 1719 నాటి "హొప్పెట్", అంటే ఆశ. లంగరు పట్టుకున్న స్త్రీ.

పోల్చుకోవడానికి తేలికైన గుర్తులు కొన్ని. గద్ద ఉంటే యూపిటర్. పొడవాటి కొడవలి, చేతిలో పసిబిడ్డ ఉంటే సాటర్నుస్, తన బిడ్డనే తినే దేవుడు. పాములు చుట్టుకున్న కర్ర ఉంటే మెర్కురియస్. కొక్కెంలా వంగిన లంగరు ఉంటే హొప్పెట్. మార్స్, ఫీబస్‌లని బొమ్మతో కంటే అంచు మీది పేరు అక్షరాలతో పట్టుకోవడం సులువు.

బొమ్మ ఏమీ లేదు, రెండు మూడు అక్షరాలే కనిపిస్తున్నాయి. చాలుతాయా?

చాలాసార్లు చాలుతాయి, కానీ అవి ఏ వైపువో ముందు తేల్చుకోవాలి. నాణెం మధ్యలో పెద్దగా ఉన్న అక్షరాలు "డాలెర్" అనే మాటవి. ఆ మాట పది రకాల మీదా ఉంది కాబట్టి కింద యుద్ధనాణెం ఉందని మాత్రమే అది చెబుతుంది, ఏ రకమో చెప్పదు. అంచు వెంట చిన్నగా వంపు తిరిగి ఉన్న అక్షరాలు పేరువి. అక్కడ వరసగా రెండక్షరాలు దొరికినా ఒక్కో పేరునీ కొట్టేసుకుంటూ వెళ్ళొచ్చు. స్వీడిష్‌లో "ఎ" మీద రెండు చుక్కలు పెట్టే అలవాటుంది, అలా చుక్కలు కనిపిస్తే ఫ్లింక్ ఓక్ ఫార్దిగ్ వైపు మొగ్గండి.

కింద ఇంకో కిరీటం ఉన్నట్టుంది. నా భ్రమా?

భ్రమ కాకపోవచ్చు. 1715 నాణెం బొమ్మే కిరీటం కాబట్టి కిరీటం మీద కిరీటం పడిన నాణేలు మనల్ని బాగా తికమక పెడతాయి. సైజు చూడండి. పై బొమ్మలోని మూడు కిరీటాలు చిన్నవి. వాటికి రెండు మూడింతలు ఉన్న వంపు, దాని మీద వరసగా చుక్కలు కనిపిస్తే అది 1715 కిరీటమే. ఏడాది అంకెల్లో ముందున్న 1, 7 రెండు నాణేలకీ ఉమ్మడివి, వాటిని నమ్ముకోవద్దు. చివరి 15 దొరికితేనే ఖాయం చేసుకోండి.

ఎంత వెతికినా కింది బొమ్మ తేలలేదు. ఏమని రాసుకోవాలి?

"1 ఎరె కె.ఎమ్., 1719, యుద్ధనాణెం మీద తిరగొట్టినది, కింది రకం తెలియదు" అని రాయండి. అది పూర్తి నిజం. ఊహించి "మార్స్" అని రాస్తే రేపు మీ దగ్గర కొన్నవాళ్ళు ఆ చీటీనే నమ్ముతారు. కింది రకం తెలియని నాణేన్ని కూడా నేను ఆనందంగా కొనుక్కుంటాను.

## అసలు ఎందుకిలా చేశారు

నాలుగు గ్రాముల రాగికి డాలెర్ విలువ ఎలా వచ్చింది?

రాజాజ్ఞ వల్ల వచ్చింది. అంతకుముందు స్వీడన్‌లో రాగి నాణెం అంటే అందులో విలువకి తగ్గ రాగి ఉండాల్సిందే. ఫాలూన్ గనుల రాగితో పలకల్లాంటి డబ్బు చేసేవారు. అప్పటి ఒక డాలెర్ పలక ముప్పావు కేజీ తూగేది. 1644లో కొట్టిన పది డాలెర్ల పలక అయితే దాదాపు ఇరవై కేజీలు.

1709లో పొల్టావాలో రష్యా చేతిలో ఓడిపోయాక కూడా పన్నెండో కార్ల్ యుద్ధం ఆపలేదు. ఖజానా ఖాళీ. అప్పుడు ముప్పావు కేజీ పలక చేసే పనిని నాలుగు గ్రాముల బిళ్ళకి అప్పగించారు. తరువాత వెనక్కి తీసుకుని అసలు డబ్బు ఇస్తామన్నది హామీ. స్వీడిష్‌లో వీటిని నోడ్‌మింట్ అంటారు. మన మాటల్లో ఆపద్ధర్మ నాణెం అనొచ్చు. ఈ ఏర్పాటుకి పేరు మోసినవాడు హోల్‌స్టైన్ నుంచి వచ్చిన మంత్రి గియోర్గ్ హైన్‌రిక్ ఫోన్ గోర్ట్స్. అందుకే వీటికి గోర్ట్స్ డాలెర్లు అనే పేరు పడింది.

బొమ్మలు అన్నిసార్లు ఎందుకు మార్చారు?

దొంగ నాణేల భయం ఒక కారణం. రాగి చవక, విలువ డాలెర్, కాబట్టి దొంగగా కొట్టినవాడికి లాభమే లాభం. కొత్త బొమ్మ తెచ్చి పాతదాన్ని పక్కకి తప్పిస్తే దొంగల పని మళ్ళీ మొదటికొస్తుంది. కానీ 1718లో ఆరు రకాలు రావడం చూస్తే, యుద్ధం ఖర్చు ఎంత వేగంగా పెరిగిందో నాకు కనిపిస్తుంది. నార్వే మీద దాడికి సైన్యం కూడుతున్న ఏడాది అది.

రాజు పోయాక జనం చేతిలో ఉన్నవాటికి ఏమైంది?

1718 నవంబర్ 30న (ఇప్పటి క్యాలెండర్‌లో డిసెంబర్ 11) నార్వేలోని ఫ్రెడ్రిక్‌స్టెన్ కోట ముట్టడిలో తలలోంచి గుండు దూసుకుపోయి రాజు చనిపోయాడు. 1719లో కొత్త ప్రభుత్వం ఈ డాలెర్ల విలువని సగానికి దించింది. ఆ సగంలోనూ ఎక్కువ భాగం చేతిలో డబ్బుగా కాక హామీ పత్రాలుగా ఇచ్చింది. వెనక్కి వచ్చిన బిళ్ళల్లో కొన్నింటిని టంకశాలలో ఒక ఎరె నాణేలుగా తిరగొట్టారు.

ఇక్కడ కాస్త ఆగి లెక్క వేయండి. ఒక డాలెర్ వెండి లెక్క అంటే 32 ఎరెలు. రాగి లెక్కలో దానికి మూడింతలు, 96 ఎరెలు. అదే బిళ్ళ, అదే రాగి, ఇప్పుడు 1 ఎరె రాగి లెక్క. ధాన్యం అమ్మి దీన్ని తీసుకున్న రైతుకీ, జీతంగా తీసుకున్న సిపాయికీ ఏం మిగిలిందో మీ చేతిలోని ముక్క మీద రాసి ఉంది. కింద ఎస్.ఎమ్., పైన కె.ఎమ్. ఒకే వెలుగులో కనిపించిన రోజు నాకు గొంతు పట్టేసింది.

గోర్ట్స్‌కి మరణశిక్ష ఈ నాణేల వల్లేనా?

ఆయన మీద జనం కోపానికి ఇవి పెద్ద కారణం. రాజు చనిపోగానే అరెస్టు చేశారు. 1719 ఫిబ్రవరి 19న, స్వీడన్ అప్పటి తేదీ ప్రకారం, స్టాక్‌హోమ్ శివారు స్కాన్‌స్టుల్ దగ్గర తల నరికారు. రాజు సంతకం లేకుండా ఒక్క బిళ్ళ కూడా బయటికి వచ్చేది కాదు. నింద మాత్రం బయటి దేశం నుంచి వచ్చిన మంత్రి మీద పడింది. నాకు అది న్యాయంగా అనిపించదు.

## అసలుదేనా, అమ్మడం, దాచడం

నకిలీ అని ఎలా తెలుస్తుంది?

అసలు తిరగొట్టిన నాణెంలో పై బొమ్మ ఎప్పుడూ గెలుస్తుంది. పై అక్షరం ఎత్తుగా ఉన్న చోట కింది గీత తెగిపోవాలి, లేదా దాని అడుగున నలిగి ఉండాలి. కింది గీత పై అక్షరం మీదుగా తెగకుండా వెళ్తే అనుమానించండి. అంచు చుట్టూ సన్నని అతుకు గీత, ఉపరితలం మీద సూదిమొన అంత గుంటలు, సబ్బుబిళ్ళలాంటి మొద్దు అక్షరాలు ఉంటే అది పోత పోసిన నకలు. ఒక సంతలో రెండు నాణేలు నా ముందు పెట్టారు. రెంటిలోనూ కింది బొమ్మ ఒకే చోట, ఒకే కోణంలో, ఒకే గీత దగ్గర తెగింది. చేత్తో పెట్టి కొట్టిన రెండు నాణేలు అలా కలవడం అసాధ్యం.

అమ్మితే ఎంత వస్తుంది?

కింది రకం, అది ఎంత స్పష్టంగా ఉంది, ఉపరితలం ఎంత చెడకుండా ఉంది అనే మూడింటి మీద ధర ఆధారపడుతుంది. మామూలు గోర్ట్స్ డాలెర్లు కోట్లలో కొట్టినవి కాబట్టి అరిగినవి తేలిగ్గానే దొరుకుతాయి. రెండు ఏడాదులూ లేదా కింది పేరూ చదవగలిగే తిరగొట్టిన నాణేనికి ఇష్టపడి ఎక్కువ పెట్టేవాళ్ళున్నారు. స్వీడన్ వేలం సంస్థల పాత ఫలితాల్లో "ఓవర్‌ప్రేగ్లాద్" అనే మాట కోసం చూడండి. అడిగిన ధర కాదు, అమ్ముడైన ధర చూడాలి.

స్వీడన్‌లో మట్టిలో దొరికింది. ఉంచుకోవచ్చా?

నేరుగా జేబులో వేసుకోకండి. 1850కి ముందు పోయినదిగా భావించే, యజమాని తెలియని వస్తువుని అక్కడి చట్టం పురాతన వస్తువుగా చూస్తుంది. అందులో బంగారం, వెండి, రాగి, కంచు ఉంటే ప్రభుత్వం డబ్బిచ్చి తీసుకునే అవకాశం ఇవ్వాలి. ఇది రాగి కాబట్టి ఒక్కటి దొరికినా వర్తిస్తుంది. మెటల్ డిటెక్టర్‌తో వెతకడానికైతే జిల్లా పాలనా కార్యాలయం నుంచి ముందే పర్మిషన్ ఉండాలి.

ఇండియాకి తెచ్చుకుంటే ఏమైనా ఇబ్బందా?

కొన్న రసీదు దగ్గర పెట్టుకోండి. వందేళ్ళు దాటిన నాణెం 1972 నాటి మన పురావస్తువుల చట్టం కింద పురావస్తువే. ఇక్కడికి వచ్చాక మళ్ళీ బయటికి పంపాలంటే చిక్కులొస్తాయి. తిరిగి స్వీడన్ వెళ్ళే ఆలోచన ఉంటే అక్కడే ఉంచడం మేలు.

నాణెం ఎవరికైనా చూపించాలి. ఎక్కడికి వెళ్ళాలి?

స్టాక్‌హోమ్‌లో ఉంటే ముందు హిస్టరీ మ్యూజియంలోని ఎకనామిక్ మ్యూజియంకి వెళ్ళి రండి, పాత రాయల్ కాయిన్ క్యాబినెట్ అదే. స్వీడన్ రాగి పలకలని అద్దం అవతల కళ్ళారా చూశాక మీ నాలుగు గ్రాముల బిళ్ళ వేరేగా కనిపిస్తుంది. తరువాత పట్టణాల్లోని నాణేల సంఘాల సమావేశాలకి వెళ్ళండి. అక్కడి పెద్దలు ఓపికగా చూస్తారు. టార్చి వెలుగులో తీసిన ఫోటోలు ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళండి.

ఇంట్లో ఎలా దాచాలి?

మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టొద్దు, అవి రాగికి పచ్చటి జిడ్డు పట్టిస్తాయి. అట్ట ఫ్రేముల్లో గానీ గట్టి గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాల్లో గానీ పెట్టి, పక్కన తేమ పీల్చే సిలికా పొట్లం ఒకటి వేయండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో ఆ పొట్లాన్ని రెండు మూడు నెలలకోసారి మార్చండి. చీటీ మీద పై నాణెం, కింది నాణెం రెండూ రాయండి. కింది నాణెం ఏ వైపు తిరిగి ఉందో గడియారం ముల్లుతో పోల్చి "తల నాలుగు గంటల దిక్కున" అని రాస్తే, తరువాత చూసేవాళ్ళు మళ్ళీ మొదటి నుంచి వెతకక్కర్లేదు.